మూగబోయిందా, మూలుగుతోందా, కాలిన వాసనా? ఇంట్లో మిషన్ మొరాయిస్తే వరుసగా ఏం చూడాలి

పోయిన రోహిణి కార్తెలో నా డ్రిల్లింగ్ మిషన్ ఆగిపోయింది. ఒంగోల్లో మా మేడ మీద రేకుల షెడ్డు ఉంది, అదే నా వర్క్‌షాపు. అక్కడ తలుపుకి గొళ్లెం బిగిస్తుంటే టక్కున ఆగింది. ఆ ఆదివారం కర్నూలు రోడ్డులో మేం కలిసే టీ బంకు దగ్గర "డ్రిల్లు పోయింది, ఏం చేయాలి?" అని అడిగాను. ఒకరు ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) అన్నారు, ఒకరు కార్బన్లు (దానికి కరెంటు అందించే ముక్కలు) అన్నారు, ఒకరు స్విచ్చన్నారు. ముగ్గురూ ఏళ్ల తరబడి ఇంట్లో సామాను విప్పి బిగించినవాళ్లే. నేను వాటిలో ఖరీదైన సలహా పట్టుకుని ఆర్మేచర్ మార్పించాను. 900 రూపాయలు పోయాయి, మిషన్ మాత్రం తిరగలేదు. చివరికి చూస్తే పిడిలోకి వైరు దూరే చోట, రబ్బరు తొడుగు కింద, రాగి తీగ తెగి ఉంది. ఆగడానికి రెండు రోజుల ముందు నుంచే వైరు ఒక పక్కకు వంచితే తప్ప డ్రిల్లు తిరగడం లేదు. నాకా సంగతి తెలుసు. వాళ్లకు చెప్పలేదు.

మా జట్టులో రకరకాల మనుషులున్నారు. మోటార్లకు వైండింగ్, అంటే రాగి తీగ చుట్టే పని, చేసే బాబాయి ఉన్నాడు, ఆయనది నెల్లూరు. కందుకూరు నుంచి వచ్చే లెక్కల మాస్టారు ఉన్నారు. కొత్తపట్నం తమ్ముడొకడు బోటు ఇంజన్ దగ్గర్నుంచి దోమల బ్యాట్ దాకా అన్నీ విప్పుతాడు. ఈ వరుస వాళ్ల దగ్గర నేర్చుకున్నదీ, నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నదీ కలిపి రాస్తున్నాను.

మొదట: విప్పకూడనివి పక్కన పెట్టండి

మైక్రోవేవ్ ఓవెన్ మూత తీయొద్దు. లోపలి కండెన్సర్‌లో (కరెంటును నిల్వ ఉంచే భాగం) వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు పీకినా కాసేపు అలాగే నిలిచి ఉంటాయి. ఫ్రిజ్ గ్యాసు లైను జోలికి పోవద్దు. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఆర్600ఎ గ్యాసు ఉంటుంది, అది మండే గ్యాసు. ఇన్వర్టర్ పెట్టె, పాత డబ్బా టీవీ కూడా అంతే. ఈ నాలుగింటి విషయంలో మా జట్టులో వాదనే లేదు. తెలిసినవాడికి అప్పజెప్పడమే.

మిగతావి ఏవైనా ప్లగ్గు పీకాకే విప్పాలి. స్విచ్ ఆపితే చాలదు. చాలా పాత ఇళ్లలో స్విచ్ ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌కి వేసి ఉంటుంది. అలాంటి చోట స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది.

రెండు: స్క్రూడ్రైవర్ కంటే ముందు పెన్ను

నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఏది ఆగినా విప్పకముందే దాని గురించి రాస్తాను. ప్లేటు మీద ఎన్ని వాట్లు రాసి ఉంది? ఆగే ముందు ఏం జరిగింది, కింద పడిందా, తడిసిందా, కరెంటు పోయి వచ్చిందా? ఒక్కసారిగా ఆగిందా, నాలుగు రోజులుగా నీరసపడుతూ వచ్చిందా? స్విచ్ వేస్తే శబ్దం వస్తోందా? వాసన ఉందా? ఇంతకుముందు ఎవరైనా విప్పారా? ఈ చివరి ప్రశ్న చాలామంది దాస్తారు. రిపేరు షాపులో ఒకసారి తెరిచిన మిషన్‌లో వైర్లు తారుమారై ఉండొచ్చు, చిన్న వాషర్ ఎగిరిపోయి ఉండొచ్చు. అడిగేవాడు అది చెప్పకపోతే సలహా ఇచ్చేవాడు గాల్లో రాళ్లేసినట్టే.

ఆ తర్వాత ఫోన్‌తో ఫొటోలు తీయండి. మూత తీయగానే ఒకటి, ప్రతి వైరు ఊడదీసే ముందు ఒకటి. "గుర్తుంటుందిలే" అనుకుని నేను పోగొట్టుకున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి.

మూడు: జబ్బు మిషన్‌దా, ఇంటిదా?

ఇది చూడకుండానే సగంమంది స్క్రూలు విప్పేస్తారు. అదే సాకెట్‌లో ఇంకో వస్తువు పెట్టి చూడండి. ఆగిన వస్తువును ఇంకో గదిలో పెట్టి చూడండి. తర్వాత మల్టీమీటర్‌తో వోల్టేజి చూడండి. మనకు రావలసింది 230. ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇళ్లలో ఎండాకాలం రాత్రిళ్లు ఏసీలన్నీ మొదలయ్యాక బాగా పడిపోతుంది. అప్పుడు ఫ్రిజ్ గుర్రుమని మళ్లీ ఆగుతుంటే కంప్రెసర్ పోయిందని కంగారు పడొద్దు. ముందు వోల్టేజి రాసుకుని, తెల్లారుజామున మళ్లీ చూడండి.

టెస్టర్ వెలిగినంత మాత్రాన కరెంటు సరిగా ఉన్నట్టు కాదు. న్యూట్రల్ తెగితే, ఏదో ఒక వస్తువు ఆన్‌లో ఉన్నప్పుడు, సాకెట్ రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. అయినా ఏదీ పని చేయదు. ఇంకా ప్రమాదకరమైనది త్రీ ఫేజ్ లైన్లో న్యూట్రల్ వదులవడం. ఒక గదిలో లైటు మసకగా, ఇంకో గదిలో కళ్లు జిగేల్మనేలా వెలుగుతుంటే వెంటనే మెయిన్ దింపేసి లైన్‌మన్‌కు ఫోన్ చేయండి. ఆలస్యమైతే టీవీ, ఫ్రిజ్ వరసబెట్టి పోతాయి.

ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయే మెయిన్ స్విచ్, పదేపదే పడిపోతుంటే ప్లగ్గులన్నీ పీకి దాన్ని ఎత్తండి. ఒక్కోటి పెడుతూ రండి, ఏది పెడితే పడిందో అదే దొంగ. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే పడేది. "ఊరికే పడుతోంది, తీసి డైరెక్టుగా కలిపేయ్" అని సలహా ఇచ్చేవాడు ఎంత దగ్గరివాడైనా ఆ మాట వినొద్దు.

ఇక ఎర్త్. మన వైపు మే నెల వచ్చేసరికి నేల నెర్రెలిచ్చి ఎర్త్ గుంట ఎండిపోతుంది. కనిగిరి, పొదిలి వైపు రాతి నేలల్లో మరీ ఎక్కువ. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమంటోందంటే ప్లగ్గు పీకండి. ఎర్త్ గుంటలో నాలుగు బిందెల నీళ్లు పోసి, ఎర్త్ వైరు గొట్టానికి గట్టిగా బిగించి ఉందో లేదో చూడండి. అయితే షాక్ తగ్గిందని ఫ్రిజ్‌ను వదిలేయకూడదు. ఎర్త్ బాగుపడింది కానీ లీకేజీ అలాగే ఉంది.

నాలుగు: మీటర్‌తో నాడి పట్టడం

మూగబోయిన వస్తువు అంటే స్విచ్ వేసినా ఉలుకూ పలుకూ లేనిది. దాన్ని ప్లగ్గు నుంచి లోపలికి వరుసగా చూడాలి. ప్లగ్గు, వైరు, స్విచ్, రక్షణగా పెట్టిన ఫ్యూజు లేదా ఓవర్‌లోడ్ బటన్, ఆ తర్వాతే మోటారో ఎలిమెంటో. నేను డ్రిల్లు విషయంలో ఈ వరుసను తలకిందులు చేశాను.

మీటర్‌ను బీప్ మీద పెట్టి వైరు ఒక చివర నుంచి ఇంకో చివరకు చూడండి. చూస్తూ వైరును వంచండి, ముఖ్యంగా ప్లగ్గు దగ్గరా, మిషన్‌లోకి దూరే చోటా. బీప్ తెగి తెగి వస్తే జబ్బు అక్కడే.

వేడి చేసే వస్తువులకు మాస్టారు చెప్పిన లెక్క ఒకటుంది. 230ని 230తో గుణిస్తే 52,900. దాన్ని ప్లేటు మీద ఉన్న వాట్లతో భాగిస్తే ఎన్ని ఓములు రావాలో తెలుస్తుంది. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెకు 53, 1500 వాట్ల కెటిల్‌కు 35, 2000 వాట్ల గీజర్‌కు 26. ఒకటి రెండు ఓములు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మీటర్ ఏమీ చూపకపోతే ఎలిమెంట్, థర్మోస్టాట్, ఫ్యూజుల్లో ఏదో తెగింది. ఒక్కోదాని రెండు చివర్లా పెట్టి చూస్తే ఏది తెగిందో తెలుస్తుంది. తర్వాత పిన్నుకీ లోహపు ఒంటికీ మధ్య మెగా ఓముల రేంజిలో చూడండి. ఏమీ చూపకూడదు. ఒక మెగా ఓము కంటే తక్కువ చూపిస్తే ఆ వస్తువును వాడొద్దు.

సీరీస్ బల్బు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దాన్ని తప్పుగా చదివేవాళ్లే ఎక్కువ. చెక్క మీద హోల్డరు, సాకెట్ బిగించి, సాకెట్‌కి వెళ్లే ఫేజ్ వైరు మధ్యలో 100 వాట్ల పాత రకం బల్బు వచ్చేలా కలుపుతారు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు గట్టిగా వెలిగితే షార్ట్, వెలగకపోతే ఓపెన్ (లోపల ఎక్కడో తెగింది) అని అందరూ చెప్తారు. అది సగమే నిజం. ఇస్త్రీ పెట్టె నిక్షేపంగా ఉన్నా బల్బు దాదాపు పూర్తిగా వెలుగుతుంది. బల్బు ముందు 53 ఓములు ఏపాటి? మిక్సీ పెట్టినా బాగానే వెలుగుతుంది. కాబట్టి వేడి చేసేవాటికి సీరీస్ బల్బు మాట నమ్మొద్దు, ఓములు చూడండి. బల్బు నిజంగా పనికొచ్చేది ఛార్జర్, సెట్‌టాప్ బాక్స్ లాంటి బోర్డు ఉన్న వస్తువులకు. ఒక్కసారి తళుక్కుమని మసకబారితే ఇన్‌పుట్ వైపు షార్ట్ లేదని అర్థం. గట్టిగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉంది, నేరుగా పెట్టారో బోర్డు టపాకాయే. బల్బు వెలగలేదని వస్తువు మీద చేయి వేయొద్దు. సీరీస్‌లో ఉన్నా లోపల ఉండేది అదే 230.

ఐదు: మూలుగుతోంది, తిరగడం లేదు

ఫ్యాన్, నీళ్ల మోటార్, కూలర్. స్విచ్ వేస్తే "ఊఁ" అంటుంది కానీ తిరగదు. వెంటనే ఆపేయండి. తిరగని మోటారుకి కరెంటు ఇస్తే వైండింగ్ కాలడానికి ఎంతోసేపు పట్టదు. "మూలిగే మోటార్ని చూస్తా నిలబడితే నాకు బేరం అబ్బయా" అంటాడు బాబాయి.

కరెంటు తీసేసి ముందు చేత్తో తిప్పండి. హాయిగా తిరిగితే, మోటారుకి మొదటి తోపు ఇచ్చే కండెన్సర్‌ను అనుమానించండి. బిగుసుకుపోయి ఉంటే బేరింగో, బుష్షో (ఇరుసు తిరిగే లోహపు రింగు), లోపల ఇరుక్కున్నదో. ఈ ఒక్క పరీక్షతో దారి రెండుగా చీలిపోతుంది.

సీలింగ్ ఫ్యాన్లకు ఎక్కువగా వచ్చేది 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్. ఏళ్లు గడిచేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది, ఫ్యాన్ నెమ్మదిస్తూ వస్తుంది. ఒకరోజు కర్రతో తోస్తే తప్ప తిరగదు. పాతదాన్ని తాకే ముందు, పాత రకం బల్బు పెట్టిన హోల్డరు వైర్లను, ప్లాస్టిక్ తొడుగు పట్టుకుని, దాని రెండు వైర్లకూ తగిలించి లోపలి ఛార్జి తీసేయండి. మీటర్‌లో కండెన్సర్ రేంజి ఉంటే కొలవండి, లేకపోతే కొత్తది తెచ్చి పెట్టి చూడండి, మిగతా భాగాలతో పోలిస్తే ఇది చవకే. లేబుల్ మీద ఎంతుంటే అంతే పెట్టాలి. "3.5 పెట్టు, గాలి చీల్చేస్తుంది" అనే సలహా మా బంకు దగ్గర కూడా వినిపిస్తుంది. కొత్తపట్నం తమ్ముడు అలాగే పెట్టి, నెలకే వైండింగ్ మార్పించుకున్నాడు. వాళ్ల అమ్మగారు ఇప్పటికీ అదే గుర్తు చేస్తుంటారు. రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఈ లెక్క వర్తించదు, వాటిలో ఉండేది బోర్డు.

సంపు మోటార్ సంగతి వేరు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజుల తర్వాత వస్తే లోపలి చక్రం ఉప్పు పట్టి అతుక్కుపోయి ఉంటుంది. మెయిన్ ఆపి, వెనక ఫ్యాన్ కవరు తీసి, ఆ ఫ్యాన్ రెక్కను చేత్తో అటూ ఇటూ మెల్లగా కదపండి. ఒక్కసారి వదిలిందంటే చాలు. తిరుగుతోంది కానీ నీళ్లు రావడం లేదంటే గాలి పట్టింది. పైన ఉన్న ప్లగ్గు విప్పి నిండా నీళ్లు పోయండి. పోసిన నీళ్లు కాసేపట్లోనే దిగిపోతుంటే ఫుట్‌వాల్వులో (సంపులో పైపు అడుగున ఉండే, నీళ్లు వెనక్కి పోనివ్వని మూత) చెత్త ఇరుక్కుంది. మోటారుకి ఏ జబ్బూ లేదు.

టేబుల్ ఫ్యాన్ బుష్షుకి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు. కొబ్బరినూనె పోయొద్దు, కొన్నాళ్లకు జిగురై ఇంకా పట్టేస్తుంది.

ఆరు: తిరుగుతోంది కానీ వాసన, నిప్పురవ్వలు

మిక్సీ, డ్రిల్లు, యాంగిల్ గ్రైండర్ మూడూ అన్నదమ్ములే. మూడింటిలోనూ కార్బన్లు ఉంటాయి. చిన్న చిన్న నీలం రవ్వలు మామూలే. ఆర్మేచర్ చుట్టూ పసుపు నిప్పు వలయంలా తిరుగుతుంటే ఆపేయాలి. కార్బన్ అరిగి ఐదారు మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలితే మార్చండి, రెండూ ఒకేసారి. ఆర్మేచర్ మీద కార్బన్లు రాసుకునే రాగి పట్టీల మీద నలుపు పడితే జీరో నంబరు గాజు కాగితంతో మెల్లగా రుద్దండి. ఎమరీ గుడ్డ వాడొద్దు, దాని పొడి కరెంటును పారనిస్తుంది, పట్టీల మధ్య చేరి కొత్త గొడవ తెస్తుంది.

మిక్సీ ఎక్కువగా ఆగేది ఆవకాయ రోజుల్లోనే. ఆవాలు, మెంతులు ఏకధాటిగా ఆడించేసరికి ఓవర్‌లోడ్ బటన్ పడిపోతుంది. అడుగున ఎర్రగా ఉంటుంది, పావుగంట చల్లారనిచ్చి నొక్కండి. అది తెలియక మా వీధిలో ఒకరు మిక్సీని ఆటోలో షాపుకు తీసుకెళ్లారు. మోటార్ తిరుగుతూ బ్లేడు తిరగకపోతే కప్లర్ (మోటారు మీద జార్ కూర్చునే పళ్ల చక్రం) పళ్లు అరిగాయి. చాలా మిక్సీల్లో దాని మర తిరగేసి ఉంటుంది, కాబట్టి విప్పేటప్పుడు ఒకే వైపు బలంగా లాగొద్దు. జార్‌ను తిరగేసి బ్లేడును చేత్తో తిప్పి చూడడం కూడా మరిచిపోవద్దు. బుష్ కారి, తుప్పు పట్టి బిగుసుకుంటే ఆ భారమంతా మోటారుదే. వాసన మోటారులో వస్తుంది, జబ్బు జార్‌లో ఉంటుంది.

సానరాయి విషయంలో ఒక్క జాగ్రత్త. కొత్త రాయి బిగించే ముందు వేలికి తగిలించుకుని చెక్క పిడితో తట్టండి. ఖంగుమంటే మంచిది, డబ్బుమంటే లోపల పగులుంది. బిగించాక ఎదురుగా నిలబడకుండా పక్కన ఉండి, ఒక నిమిషం ఖాళీగా తిప్పండి.

మన ఊళ్ల జబ్బులు

కంపెనీ పుస్తకంలో రాయనివి రెండున్నాయి. ఒకటి ఉప్పు గాలి. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు వైపు ఇళ్లలో సాకెట్ లోపలి ఇత్తడి రేకులకు పచ్చగా చిలుము పడుతుంది. పట్టు వదులై వేడెక్కి, ప్లగ్గు పిన్ను గోధుమ రంగుకు మారుతుంది. అప్పుడు ప్లగ్గు, సాకెట్ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడు చేస్తుంది. రెండోది ఉప్పు నీళ్లు. గీజర్ వేడెక్కేటప్పుడు చిటపటమంటూ, నీళ్లు కాగడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంటే ఎలిమెంట్ మీద తెల్లగా పెచ్చు కట్టింది. బయటకు తీసి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడితే పెచ్చు రాలిపోతుంది. సుత్తితో కొట్టొద్దు. పక్కనే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, అది అరిగి సన్నబడితే మార్చండి. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు అది తీసుకుంటుంది.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో బాబాయి చెల్లెలింట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక "పని చేస్తుందో లేదో" అని గ్రైండర్ స్విచ్ వేశారు, అక్కడితో అది పోయింది. వేయకుండా పక్కన పెట్టిన నీళ్ల మోటార్ బతికింది. వరదలో మునిగినదాన్ని మంచినీళ్లతో కడిగి, బురద పోగొట్టి, రెండు మూడు రోజులు ఎండబెట్టి, ఒంటికీ పిన్నుకీ మధ్య మెగా ఓములు చూశాకే కరెంటు ఇవ్వాలి. మోటారైతే వైండింగ్ షాపులో పొయ్యిలో ఆరబెట్టించడం మేలు.

ఏడు: సలహాను తూకం వేయడం

మా జట్టులో సలహాలు మూడు రకాలు. "మార్చేయ్" అనేది ఒకటి. "మా బావమరిది ఇంట్లో కూడా ఇంతే" అనేది రెండోది, దానికి టీ కూడా తోడవుతుంది. మూడో రకం మనిషి ముందు ఎదురు ప్రశ్న వేస్తాడు. "చేత్తో తిరుగుతోందా? ఎన్ని ఓములు?" అంటాడు. నేను వాళ్ల మాటకే ఎక్కువ విలువిస్తాను. ఎవరు ఏం చెప్పినా ఒకటి అడగండి: ఇది నిజమో కాదో కొనకముందే ఎలా తెలుస్తుంది? చెప్పగలిగితే ఆ పరీక్ష చేయండి. సలహాలు ఎక్కువైతే పైసా ఖర్చు లేనిది, చేసినా వెనక్కి తీసుకోగలిగినది ముందు చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే ఏది నయం చేసిందో ఎప్పటికీ తెలియదు.

బాగయ్యాక అసలు జబ్బేమిటో జట్టుకు చెప్పండి. నేను డ్రిల్లు వైరు సంగతి చెప్పడానికి మూడు వారాలు సిగ్గుపడ్డాను. ఆలోపు నా ఆర్మేచర్ కథ విని ఇంకొకాయన తన డ్రిల్లుకి ఆర్మేచర్ కొనేశాడు.

ఇప్పుడు నా బల్ల మీద మా అత్తగారి వెట్ గ్రైండర్ ఉంది. మొన్న బాబాయికి ఫోన్లో పంపిన మాటలు ఇవి: "2 లీటర్ల టిల్టింగ్ గ్రైండర్, ప్లేటు మీద 150 వాట్లు. ఖాళీగా బాగా తిరుగుతోంది. మినప్పప్పు వేసిన పది నిమిషాలకు రాయి నెమ్మదిస్తోంది, మోటార్ శబ్దం మాత్రం మారడం లేదు. మూలుగు లేదు. వోల్టేజి 226. కండెన్సర్ లేబుల్ మీద 4, మీటర్‌లో 3.9. మోటార్ చేయి పెట్టగలిగేంత వేడి. బెల్టుకు పగుళ్లు లేవు, నొక్కితే ఎంత కుంగాలో అంతే కుంగుతోంది. ఇంతవరకు ఎవరూ విప్పలేదు, నేనేమీ మార్చలేదు."

పది నిమిషాల్లో జవాబొచ్చింది. "బెల్టుకి నూనె గానీ పిండి నీళ్లు గానీ తగిలిందేమో గుడ్డతో తుడిచి చూసినావా అబ్బయా?"

చూడలేదు. ఆదివారం లోపు చూడాలి.